బారిటోన్ దగ్గర మొదలుపెట్టి వినండి

(సాక్సోఫోన్ క్వార్టెట్ మీద చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు నుంచి రాసిన పాఠం. వేదిక మీద నలుగురు వాద్యకారులు ఉండి, మధ్యమధ్య వాయించి చూపించారు.)

అందరికీ నమస్కారం. మాటలకు ముందు ఒక్క కార్డ్, అంటే ఒకేసారి కలిసి పలికే స్వరాలు, వినిపిస్తాం. నలుగురూ కలిసి, ఒక్క ఊపిరి. వినండి.

విన్నారు కదా. ఇప్పుడు అడుగుతాను. మీ చెవి ముందుగా ఎవరి మీదికి వెళ్లింది? సొప్రానో మీదికి అన్నవాళ్లు చేతులెత్తండి. చూశారా, హాల్లో ముప్పాతిక మంది. సహజమే. పై స్థాయిలో పలికే గొంతు ముందు అందుతుంది, పాట కూడా ఎక్కువసార్లు దాని దగ్గరే ఉంటుంది. కానీ ఈ నలుగురిలో ఎవరి చెవీ సొప్రానో మీద ఉండదు. సొప్రానో వాయించే ఆవిడ చెవి కూడా ఇదిగో ఇటు, అన్నిటికంటే మంద్రంగా పలికే బారిటోన్ మీదే ఉంటుంది. శ్రుతి అక్కణ్ణుంచి వస్తుంది. ఊపిరి అక్కణ్ణుంచి వస్తుంది. ఎంత మెల్లగా వాయించాలి, ఎంత గట్టిగా వాయించాలి, అదీ అక్కణ్ణుంచే. ఇవాళ నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. సాక్సోఫోన్ క్వార్టెట్‌ని కిందినుంచి పైకి కడతారు. కాబట్టి కిందినుంచి పైకి వినాలి.

మనలో చాలామందికి సాక్సోఫోన్ రెండు చోట్ల పరిచయం. ఒకటి పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం. రెండోది కద్రి గోపాల్‌నాథ్ గారి కచేరీలు. ఆయన చేతిలో ఉన్నది ఆల్టో సాక్సోఫోన్. ఆ ఒక్క ఆల్టో మీద త్యాగరాజస్వామి కృతుల్ని గమకాలతో సహా పలికించారు. అక్కడ సాక్సోఫోన్ ఒక్క గొంతు, వెనకాల ఆధారశ్రుతి ఉంటుంది. ఇక్కడ? ఇక్కడ వెనకాల ఏమీ లేదండీ. తంబురా లేదు, పియానో లేదు, మృదంగం లేదు. ఈ నలుగురే పాట, ఈ నలుగురే శ్రుతి, ఈ నలుగురే తాళం.

వాద్యాల్ని పరిచయం చేస్తాను. మీ ఎడమచేతి వైపు నుంచి సొప్రానో, ఆల్టో, టెనర్, బారిటోన్. సొప్రానో తిన్నగా ఉంటుంది, చూడ్డానికి మన సన్నాయిలాగా. మిగతా మూడూ వంపు తిరిగి ఉంటాయి. నాలుగింటి వేళ్ల పట్టు ఒక్కటే, కాగితం మీద రాసే గుర్తులూ ఒక్కటే. ఆల్టో వాయించేవాళ్లు బారిటోన్ అందుకుంటే వేళ్లు తడుముకోనక్కర్లేదు. కాకపోతే సుమారు 6 కిలోల బరువు మెడకో భుజాలకో తగులుతుంది, అందుకే కొందరు కింద కడ్డీ బిగించి నేలమీద ఆనిస్తారు.

శ్రుతుల లెక్క మన భాషలో చెప్పుకుందాం. కాగితం మీద సి అని ఉన్న స్వరాన్ని సొప్రానో వాయించినా టెనర్ వాయించినా పలికేది బి ఫ్లాట్. అంటే మన లెక్కలో ఆరున్నర శ్రుతి. అదే సి ని ఆల్టో, బారిటోన్ వాయిస్తే పలికేది ఇ ఫ్లాట్, అంటే రెండున్నర శ్రుతి. సొప్రానోకి సరిగ్గా ఒక స్థాయి కింద టెనర్. ఆల్టోకి సరిగ్గా ఒక స్థాయి కింద బారిటోన్. ఆరున్నర, రెండున్నర, ఆరున్నర, రెండున్నర. ఇలా మెట్లు దిగుతాయి. ఇప్పటి బారిటోన్లకు అడుగున ఒక మీట ఎక్కువ ఉంటుంది. దాంతో సెకనుకు 65.4 కంపనాల సి వరకూ దిగొచ్చు. ఆ స్వరం ఏమిటో తెలుసా? చెల్లో మీద అన్నిటికంటే మంద్రంగా పలికే ఖాళీ తీగ. పైన సొప్రానో మామూలు వేళ్ల పట్టుతోనే సుమారు 1,318 కంపనాల ఇ వరకూ ఎక్కుతుంది. అంటే నాలుగు స్థాయిల పైచిలుకు పరిధి, అంతా ఒకే కుటుంబం గొంతులో. స్ట్రింగ్ క్వార్టెట్‌కి ఉన్న బలం ఇదే కదా, రెండు వయొలిన్లు, వయోలా, చెల్లో, అన్నీ ఒక్క ఇంటి బిడ్డలే.

ఈ కుటుంబాన్ని తయారుచేసినవాడు అడాల్ఫ్ సాక్స్. బెల్జియంలోని దినాంలో 1814లో పుట్టాడు. 1846లో పారిస్‌లో పేటెంటు తీసుకున్నాడు. ఆర్కెస్ట్రా కోసం ఎఫ్, సి శ్రుతుల్లో ఒక వరస, సైనిక బ్యాండ్ల కోసం బి ఫ్లాట్, ఇ ఫ్లాట్ శ్రుతుల్లో ఇంకో వరస అనుకున్నాడు. నిలబడింది రెండో వరసే, ఇప్పుడు మన ముందున్నవి అవే. ఆర్కెస్ట్రాలో సాక్సోఫోన్‌కి శాశ్వతంగా కుర్చీ దొరకలేదు. కుర్చీ దొరకని వాద్యం ఏం చేస్తుంది? తన ఇల్లు తనే కట్టుకుంటుంది. 1857లో పారిస్ కన్సర్వేటరీలో సైనిక వాద్యకారులకు సాక్స్ పాఠాలు మొదలుపెట్టాడు. అదే ఏడు జాన్ బాప్టిస్ట్ సింజలే అనే బెల్జియన్ స్వరకర్త నాలుగు సాక్సోఫోన్లకు నాలుగు భాగాల క్వార్టెట్ రాశాడు, ఓపస్ 53. ఇప్పటికీ కొత్తగా మొదలుపెట్టే బృందాలు చాలావరకు ముందు అందుకునేది దాన్నే.

ఆ క్లాసు 1870లో మూతపడింది. మళ్లీ తెరుచుకునేసరికి 1942. తెరిచి కూర్చున్న గురువు మార్సెల్ మ్యూల్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. 1928లో పారిస్‌లో గార్డ్ రిపబ్లికేన్ సైనిక బ్యాండులోని వాద్యకారులతో ఆయన కట్టిన క్వార్టెట్ కోసం 1932లో రష్యన్ స్వరకర్త గ్లాజునోవ్ రాశాడు. తర్వాత పియర్నే, ఫ్రాన్‌సే, ఫ్లోరాన్ ష్మిట్, బోజా, డెజాంక్లో. సాంప్రదాయ కచేరీ జాబితా అంతా ఇంచుమించు ఆ ఒక్క వేరు నుంచే మొలిచింది. చరిత్రకు ఇంతకంటే సమయం ఇవ్వను. అసలు విషయం శబ్దంలో ఉంది.

ఒక్క కార్డ్, నాలుగు గొంతులు

మొదట విన్న కార్డ్‌ని ఇప్పుడు విప్పి చూద్దాం. బి ఫ్లాట్ మేజర్. బారిటోన్ బి ఫ్లాట్ వాయిస్తారు, సెకనుకు 116.5 కంపనాలు. వాయించండి. ఇది మన షడ్జం అనుకోండి. ఇప్పుడు టెనర్, ఎఫ్. 174.8. పంచమం. రెండూ కలిపి వినండి. ఎంత నిమ్మళంగా ఉందో చూడండి, ఎక్కడా గరుకు లేదు. ఇప్పుడు సొప్రానో, రెండు స్థాయిల పై షడ్జం, 466. బాగుంది. ఇక ఆల్టో. ఆల్టో వాయించాల్సింది డి, అంతర గాంధారం. ఇక్కడే పేచీ.

ఆల్టో ముందున్న ట్యూనర్, అంటే శ్రుతి కొలిచే యంత్రం మీద పచ్చ దీపం వెలిగేలా డి వాయించమంటున్నాను. వాయించండి. దీపం పచ్చగా ఉంది కదా? ట్యూనర్ లెక్క ప్రకారం 293.7, తప్పు లేదు. ఇప్పుడు నలుగురూ కలవండి. వింటున్నారా ఆ వణుకు? గాలిలో ఏదో కొట్టుకుంటున్నట్టు, సెకనుకు నాలుగైదు సార్లు. వణుకుతున్నది ఎవరు? ఎవరూ వణకడం లేదు. ప్రతి స్వరం లోపలా దానికి తోడుగా పై కంపనాలు సన్నగా పలుకుతుంటాయి, వాటిని అనుస్వరాలు అంటున్నాను. బారిటోన్ స్వరంలో దాగి ఉన్న అయిదో అనుస్వరం 582.7 దగ్గర ఉంది. ఆల్టో స్వరంలోని రెండో అనుస్వరం 587 దగ్గర ఉంది. ఆ రెండింటి తేడాయే మీ చెవిలో కొట్టుకుంటోంది.

ఇప్పుడు ఆల్టో ట్యూనర్ వైపు చూడ్డం మానేస్తారు. పెదవి వదలకుండా, గొంతు లోపలి గదిని ఆ అన్నట్టు కాస్త తెరుస్తారు. మెల్లగా దించండి. దించండి. ఇంకొంచెం. అదిగో! ఆగింది. వణుకు పోయింది. ఇప్పుడు ట్యూనర్ చూస్తే 14 సెంట్లు తక్కువ అంటోంది. అర్ధస్వరాన్ని నూరు భాగాలు చేస్తే అందులో ఒక భాగం సెంటు. యంత్రం తప్పంటోంది, చెవి ఒప్పంటోంది. ఏది నిజం? తంబురా ముందు కూర్చున్నవాళ్లకి జవాబు తెలుసు. మంద్రం తీగ బాగా శ్రుతి కుదిరినప్పుడు, ఎవరూ మీటకుండానే ఒక గాంధారం దానంతటదే వినిపిస్తుంది, స్వయంభూ గాంధారం అంటాం. ఆల్టో ఇప్పుడు నిలబడ్డది సరిగ్గా అక్కడే. బారిటోన్ లోపల అప్పటికే ఉన్న గాంధారం మీద ఆల్టో తన స్వరాన్ని పెట్టింది, అంతే. అందుకే అంటున్నాను, శ్రుతి కిందినుంచి వస్తుంది.

ఇంకో విషయం వినండి. ఈ నాలుగు స్వరాల నిష్పత్తి 2, 3, 5, 8. కుదిరినప్పుడు వీటి తేడాలు కూడా వినబడతాయి. టెనర్‌కీ బారిటోన్‌కీ తేడా 58 కంపనాలు. అది బారిటోన్ వాద్యం మీద లేనే లేని స్వరం, దాని అట్టడుగు 65 అని చెప్పుకున్నాం కదా. మళ్లీ వాయించండి, కాస్త గట్టిగా. నేల కింద ఏదో పెద్ద గొట్టం మూలుగుతున్నట్టు లేదూ? వినబడినవాళ్లు తలూపుతున్నారు. అయిదో వాద్యం లేకుండా అయిదో స్వరం. నలుగురిలో ఒక్కరు 5 సెంట్లు జారినా అది మసకబారుతుంది. బృందాలు రిహార్సల్‌లో ఈ అడుగు మూలుగు కోసమే వెతుకుతాయి. అది పుట్టిందీ అంటే శ్రుతి కుదిరినట్టే, ట్యూనర్ చూడనక్కర్లేదు.

కొలతలు ఎవరైనా రాసుకుంటారంటే చెబుతాను. ట్యూనర్ చూపించే దానికంటే మేజర్ గాంధారం 14 సెంట్లు కిందికి. మైనర్ గాంధారం, అంటే మన సాధారణ గాంధారం, 16 సెంట్లు పైకి. పంచమం 2 సెంట్లు పైకి. షడ్జం అలాగే. ఇప్పుడొక చిక్కు. ఆల్టో ఆ డి ని అలాగే పట్టుకుని ఉంది, కింద బారిటోన్ జి కి మారింది. ఇప్పుడదే డి ఏమయింది? పంచమం అయింది. దించి పెట్టిన 14 సెంట్లు ఇప్పుడు పైకి తేవాలి. లేదా బారిటోనే తన జి ని ఆల్టోకి తగ్గట్టు దింపుకోవాలి. ఎవరు కదలాలి? పాటలో కదులుతున్నట్టు వినబడకూడనివాళ్లు ఆగాలి, రెండోవాళ్లు కదలాలి. ఇది రిహార్సల్‌లోనే తేల్చుకుని, కాగితం మీద పెన్సిల్‌తో స్వరం నెత్తిన పైకో కిందికో చిన్న బాణం గీసుకోవాలి. కచేరీలో తేల్చుకుందాం అనుకుంటే ఇద్దరూ కదులుతారు, ఇద్దరూ దారి తప్పుతారు.

శ్రుతి ఎలా చూసుకోవాలి, ఎందుకు తప్పుతుంది

శ్రుతి చూసుకునేటప్పుడు చాలామంది చేసే పొరపాటు, కేస్ తెరిచిన వెంటనే చూసుకోవడం. చల్లటి గొట్టం తక్కువ శ్రుతిలో పలుకుతుంది. లోపలి గాలి ఒక డిగ్రీ వేడెక్కితే శ్రుతి సుమారు 3 సెంట్లు పైకి పోతుంది. ఈ హాల్లో ఏసీ ఉంది. సొప్రానో అయిదు నిమిషాల్లో వేడెక్కుతుంది, బారిటోన్‌కి పావుగంట పడుతుంది. అందుకని ముందు పావుగంట అందరూ పొడుగాటి స్వరాలు వాయించాలి. అప్పుడు బారిటోన్ ఒక్కరే ఎ స్వరం ఇవ్వాలి. ఆయన కాగితం మీద అది ఎఫ్ షార్ప్. తర్వాత టెనర్, తర్వాత ఆల్టో, చివర సొప్రానో. కింది మెట్టు నుంచి పైకి. కచేరీలో బారిటోన్‌కి ముప్పై నలభై మాత్రల విరామం వస్తే అప్పుడు గొట్టం చల్లారిపోతుంది. విరామంలో చప్పుడు రాకుండా వెచ్చటి గాలి ఊదుతూ ఉండాలి. ఇది తెలియని బారిటోన్ విరామం తర్వాత 10 సెంట్లు కిందికి దిగుతారు, నేరం మాత్రం పై ముగ్గురి మీద పడుతుంది, వాళ్లు శ్రుతి ఎక్కినట్టు వినిపిస్తుంది కాబట్టి.

నోట్లో పెట్టుకుని ఊదే మౌత్‌పీస్‌ని మెడ గొట్టానికున్న బెండు (కార్కు) మీదికి ఎంత ఎక్కించాలి? ఇక్కడ ఒక మోసం ఉంది. సాక్సోఫోన్ గొట్టం శంకువులా వెడల్పవుతూ పోతుంది. మౌత్‌పీస్ ఒక్క మిల్లీమీటరు బయటికి లాగితే, తక్కువ గొట్టం వాడే స్వరాలు ఎక్కువ దిగుతాయి, మొత్తం గొట్టం వాడే స్వరాలు తక్కువ దిగుతాయి. అంటే ఒక్క స్వరం సరిచేయబోయి మిగతా పదకొండింటి మధ్య దూరాలు చెడగొట్టుకుంటాం. అందుకే ముందు ఊదే పద్ధతి సరిచూసుకోవాలి. మౌత్‌పీస్ ఒక్కటే విడిగా తీసి ఊదండి. ఆల్టో అయితే ఎ రావాలి, 880. సొప్రానోకి సి, టెనర్‌కి జి, బారిటోన్‌కి డి. అంతకంటే పైకి పలికిందంటే పెదవితో కొరుకుతున్నట్టు. కొరికేవాళ్లు మౌత్‌పీస్ ఎంత లాగినా పై స్థాయిలో శ్రుతి ఎక్కుతూనే ఉంటారు.

వాద్యంలోనే ఉండే వంకరలు కూడా కొన్ని ఉంటాయి. కాగితం మీద మధ్య స్థాయి డి, అంటే వేళ్లన్నీ మూసి, స్వరాన్ని ఒక స్థాయి పైకి ఎక్కించే ఆక్టేవ్ మీట నొక్కి వాయించే మొదటి స్వరం, దాదాపు ప్రతి సాక్సోఫోన్ మీదా పైకి పోతుంది. గొంతు తెరిచి దించాలి. పొడుగ్గా పట్టుకోవాల్సి వస్తే ఎడమ చిటికెన వేలితో అడుగు బి మీట కలపొచ్చు, కాస్త దిగుతుంది. ఈ నలుగురికీ కాగితం మీద డి ఒక్కసారే రావడం అరుదు, శ్రుతులు వేరు కదా. అందుకని ఒకరి వంకర ఇంకొకరి తిన్నదనం మీద పడుతుంది. ఎవరి వంకర ఎక్కడుందో మిగతా ముగ్గురికీ తెలిసి ఉండాలి.

రీడ్ సంగతి. నాదస్వరానికి పీక ఎలాగో దీనికి రీడ్ అలాగ, కాకపోతే ఇది ఒంటి రేకు. వొంటికి ఇత్తడి తొడుక్కున్నా సాక్సోఫోన్‌ని వుడ్‌విండ్, అంటే చెక్క సుషిర వాద్యాల కుటుంబంలో లెక్కించడానికి ఈ రేకే కారణం. దక్షిణ ఫ్రాన్స్‌లో వార్ ప్రాంతంలో పెరిగే రెల్లు జాతి మొక్క నుంచి మంచివి వస్తాయి. సొప్రానో, ఆల్టో రీడ్లు మామూలుగా పెట్టెకు 10, టెనర్, బారిటోన్‌వి 5. పదింటిలో కచేరీకి పనికొచ్చేవి మూడో నాలుగో. నాలుగు రీడ్లని రోజుకొకటి మార్చి మార్చి వాడుకోవాలి. ఒక్కటే వాడితే అది సరిగ్గా కచేరీ రోజునే చస్తుంది. మన ఎండాకాలంలో రీడ్ కొస అలల్లాగా వంకరపోతుంది. నీళ్లలో ఒకటి రెండు నిమిషాలు నాననిచ్చి, అద్దం పలక మీద బోర్లా పెట్టి వేలితో అదిమితే సర్దుకుంటుంది. వాయించాక తుడిచి, చదునైన డబ్బాలో పెట్టాలి. మౌత్‌పీస్ మీదే వదిలేస్తే మర్నాటికి బూజు.

తర్వాత గాలి కారడం. ఇది వినండి, చాలామంది ఇక్కడ డబ్బు పోగొట్టుకుంటారు. అడుగు బి ఫ్లాట్ మెల్లగా ఊదితే పలకడం లేదు, ఎగిరి పై స్థాయిలో పడుతోంది. అందరూ ఏమనుకుంటారు? అడుగు మూత సరిగ్గా మూసుకోవడం లేదని. తొంభై పాళ్లు అది అక్కడ ఉండదు. గాలి పైనెక్కడో, ఎడమచేతి మూతల దగ్గరో ఆక్టేవ్ మీట దగ్గరో కారుతూ ఉంటుంది. పైన సన్నగా కారినా దాని దెబ్బ అడుగు స్వరాల మీదే పడుతుంది, ఎందుకంటే అడుగు స్వరానికి గొట్టం మొత్తం బిగుతుగా ఉండాలి. చీకటి గదిలో గొట్టం లోపలికి సన్నటి దీపం తీగ దించి, ఒక్కో మూతా మెత్తగా మూస్తూ చూడాలి, అంచున వెలుగు కనబడిందా కారుతున్నట్టే. ఇంకోటి జి షార్ప్ మూత. అది మామూలుగా మూసుకుని ఉండే మూత, తడికి అంటుకుపోతుంది. మీట నొక్కినా లేవదు, జి షార్ప్‌కి బదులు జి వస్తుంది. వేదిక ఎక్కే ముందు పల్చటి కాగితం ముక్క మూత కింద పెట్టి, నొక్కి, రెండు మూడుసార్లు లాగేయండి. ఒక్క నిమిషం పని.

బారిటోన్‌కి ఉన్న ప్రత్యేకమైన బెడద, తడి. పైనున్న చుట్టలో ఊపిరి తడి చేరుతుంది. సన్నగా వాయించే చోట గురగుర మంటుంది. అక్కడ నీళ్లు వదిలే చిన్న మీట ఉంటుంది. భాగానికీ భాగానికీ మధ్య అది నొక్కి ఊదెయ్యాలి. ప్రేక్షకులకు చూడ్డానికి బాగుండదని కొందరు మొహమాటపడతారు. మొహమాటపడకండి.

ఊపిరి, సైగ

నలుగురూ ఒక్కసారి మొదలుపెట్టడం ఎలా? చేతులు ఖాళీ లేవు, తాళం కొట్టేవాళ్లు లేరు. సొప్రానో ఊపిరి తీసుకుంటూ వాద్యాన్ని వేలెడంత పైకెత్తి దించుతారు. ఆ ఊపిరి వేగమే పాట వేగం. ఒక మాత్ర ఊపిరి, రెండో మాత్ర స్వరం. అయితే ఇక్కడ బారిటోన్ గుట్టు ఒకటి చెప్పాలి. పెద్ద రీడ్, పెద్ద గొట్టం, అందులోనూ అడుగు స్వరం. గాలి తగిలాక పలకడానికి సమయం పడుతుంది. నలుగురూ ఒక్క క్షణంలో గాలి వదిలితే బారిటోన్ వెనకబడి వినిపిస్తుంది. అందుకని బారిటోన్ గాలి ఒత్తిడి ముందే సిద్ధం చేసుకుని, నాలుక రీడ్ మీద ఆనించి ఉంచి, సైగ కిందికి దిగేటప్పటికి వదిలేస్తారు. మంద్రంలో మొదలయ్యే పాట అయితే సొప్రానో తన సైగనే కాస్త వెడల్పు చేస్తారు. చేసేది సొప్రానో, కొలత మాత్రం బారిటోన్‌ది.

మెల్లగా వాయించడానికి కూడా ఇదే కొలత. సొప్రానో దోమ రెక్కంత సన్నగా వాయించగలరు. అడుగున బారిటోన్ అంత సన్నగా వాయించలేరు, స్వరం తెగుతుంది. కాబట్టి బృందం మొత్తానికి అతి సన్నని శబ్దం ఏది? ఆ చోట బారిటోన్ తెగకుండా వాయించగలిగిన అతి సన్నని శబ్దం. మిగతా ముగ్గురూ దాని మీద కూర్చుంటారు. గట్టిగా వాయించేటప్పుడు పిరమిడ్‌లాగా, అడుగు వెడల్పు, కొస సన్నం. ఈ వరస తలకిందులైతే అప్పుడు నలుగురు విడివిడిగా అరిచినట్టు ఉంటుంది.

గ్లాజునోవ్ దగ్గరికి వద్దాం. బి ఫ్లాట్ మేజర్ క్వార్టెట్, ఓపస్ 109, సుమారు 25 నిమిషాలు. మధ్య భాగం ఒక పాట, దాని మీద అయిదు వేరియేషన్లు. అందులో ఒకటి షూమన్ ధోరణిలో, ఒకటి షోపాన్ ధోరణిలో. ఆ పాట చర్చిలో నలుగురు పాడుకునే కోరల్‌లాగా నడుస్తుంది, విరామాలు తక్కువ. ఇంత పొడుగు రచన వాద్యకారుల్ని అలసగొడుతుందేమోనని రాసినాయనే బెంగపడ్డాడు. నిజంగానే అలుపు వస్తుంది. కోరల్‌లో నలుగురూ ఒకే చోట ఊపిరి తీసుకుంటే పాట ముక్కలవుతుంది. వాక్యం చివర తప్ప ఎక్కడా కలిసి తీసుకోకూడదు. మధ్యలో వంతులు వేసుకోవాలి, టెనర్ ఇక్కడ, ఆల్టో రెండు మాత్రల తర్వాత అక్కడ. ఇది కూడా పెన్సిల్ పనే.

వైబ్రాటో, అంటే స్వరాన్ని అలలుగా ఊపడం గురించి రెండు సంప్రదాయాలు ఉన్నాయి. మ్యూల్ నేర్పిన ఫ్రెంచ్ పద్ధతిలో దవడతో చేసే వైబ్రాటో, సెకనుకు సుమారు 5 అలలు, శబ్దం వెలుతురుగా ఉంటుంది. రెండోది సిగర్ట్ రాషర్ అనే సాక్సోఫోన్ విద్వాంసుడి పద్ధతి. సాక్స్ మొదట్లో చేసినటువంటి, లోపల గది గుండ్రంగా పెద్దగా ఉండే మౌత్‌పీస్. శబ్దం మెత్తగా, ముదురుగా ఉంటుంది. రాషర్ క్వార్టెట్ 1969లో మొదలైంది. ఏది గొప్ప అంటే నేను చెప్పను. కానీ ఒక బృందంలో ఇద్దరు ఇటు, ఇద్దరు అటు ఉంటే మాత్రం కుదరదు. నా మాటగా తీసుకోండి, మౌత్‌పీస్‌లు వేరైన నలుగురు ఏళ్లు సాధకం చేసినా ఇందాకటి అడుగు మూలుగు పుట్టడం కష్టం. వైబ్రాటో ఎవరికి? పాట ఎవరి దగ్గర ఉంటే వాళ్లకి. కార్డ్ పట్టుకున్నవాళ్లకి వద్దు. బారిటోన్ ఊగితే ఇల్లు ఊగినట్టే.

పాత సంగీతం, కొత్త సంగీతం

మోజార్ట్ 1791లో పోయాడు, సాక్సోఫోన్ పేటెంటు 1846. కాబట్టి హేడన్, మోజార్ట్ క్వార్టెట్లు వాయించాలంటే మార్చి రాసుకోవాల్సిందే. వయొలిన్‌కి ఊపిరి అక్కర్లేదు, మనకి కావాలి. వయొలిన్ ఒకేసారి రెండు తీగలు పలికిస్తుంది, మనం మామూలుగా ఒక్కొక్కరం ఒక్క స్వరమే. బాగా కుదిరేది బాఖ్ ఆర్ట్ ఆఫ్ ఫ్యూగ్. ఏ వాద్యానికని ఆయన రాయలేదు, ఎక్కువ భాగాలు నాలుగు గొంతులకే ఉన్నాయి. అందులో పాట చేతులు మారుతూ పోతుంది. పాట దగ్గర లేనివాళ్లు తగ్గాలి. ఫ్యూగ్‌లో అందరికీ తన గీతే ముఖ్యంగా కనిపిస్తుంది, అదే జబ్బు.

లిగెటి 1953లో వుడ్‌విండ్ క్వింటెట్‌కి రాసిన సిక్స్ బగటెల్స్‌ని గియోమ్ బూర్గోన్ సాక్సోఫోన్లకు మార్చాడు. ఇవాళ పోటీల్లో తరచుగా వినబడుతుంది. అయిదు వాద్యాలవి నలుగురికి పంచాడు, ఎవరికీ తీరిక లేదు. నాలుగోది 7 మాత్రల నడక. మిశ్రచాపు సాధకం చేసినవాళ్లకి 7 అంటే భయం ఉండదు, అది మన అదృష్టం. అయితే తకిట తకధిమి అని చేతికి అలవాటైన విరుపునే దీని మీద రుద్దకూడదు. ఒత్తు ఎక్కడ రాశాడో చూసి, ముందు నోటితో నలుగురూ కలిసి చెప్పి, అప్పుడు వాయించాలి.

ఫిలిప్ గ్లాస్ 1995లో రాషర్ వాళ్లకి రాసిన కన్సెర్టో ఆర్కెస్ట్రాతోనూ వాయించొచ్చు, నలుగురే కూడా వాయించొచ్చు. అందులో ఒకే అల్లిక మళ్లీ మళ్లీ తిరుగుతుంది, ఊపిరికి సందు లేదు. బుగ్గల్లో గాలి దాచి ముక్కుతో పీల్చే పద్ధతి వచ్చినవాళ్లు అలా చేస్తారు, మన నాదస్వర విద్వాంసులకు అది కొత్త కాదు. రానివాళ్లు ఒక స్వరం వదిలేస్తారు. వదిలేది ఒత్తు లేని స్వరం అయి ఉండాలి, ఇద్దరు ఒకే చోట వదలకూడదు. వినేవాళ్లకి తెలియదు.

జెనాకిస్ 1987లో రాసిన క్సాస్ చాలా కఠినం. సాక్స్ అన్న పేరునే తిరగేశాడు. ఇలాంటి రచనల్లో ఒక్క వాద్యంలోనే రెండు మూడు స్వరాలు ఒకేసారి పలికించే వేళ్ల పట్లు అడుగుతారు. పుస్తకంలో ఉన్న పట్టు మీ వాద్యం మీద పలుకుతుందని హామీ లేదు. ఒక కంపెనీ గొట్టం మీద పలికింది ఇంకోదాని మీద పలకదు. ముందు వారమంతా పట్లు వెతకడానికే పోతుంది, పోనివ్వండి. స్లాప్ టంగ్ అనేదొకటి ఉంది, నాలుకతో రీడ్‌ని పీల్చి టప్పున వదలడం. బారిటోన్ గారూ, ఒక్కసారి. మద్దెల మీద వేలు పడ్డట్టు లేదూ? రీడ్ వెడల్పు కనక బారిటోన్ మీద తేలిగ్గా వస్తుంది, సొప్రానో మీద చాలా కష్టం. వయొలిన్ తీగ వేలితో మీటే చోట్లకి మార్చి రాసేవాళ్లు దీన్నే వాడతారు.

మైకు పెట్టేవాళ్లు ఇక్కడ ఉన్నారా? ఒక్క విన్నపం. గొట్టం చివరి వెడల్పాటి మూతి దగ్గర మైకు పెట్టకండి. సాక్సోఫోన్ శబ్దం తెరిచి ఉన్న రంధ్రాలన్నిటి నుంచీ వస్తుంది. మూతి నుంచి బలంగా వచ్చేవి అడుగు స్వరాలు మాత్రమే. అక్కడ పెడితే అడుగు స్వరం బాంబులాగా పేలుతుంది, మధ్య స్వరం మాయమవుతుంది. ముందు రెండు మూడు మీటర్ల దూరంలో, మనిషి తలకంటే ఎత్తుగా రెండు మైకులు చాలు.

ఒకరు చీటీ పంపారు, నలుగురు దొరికితే ఎక్కడ మొదలుపెట్టాలి అని. సింజలే క్వార్టెట్ రెండో భాగం, అడాజియో, అంటే నెమ్మదిగా నడిచేది. గంటన్నర రిహార్సల్ అనుకోండి. పావుగంట వేడెక్కడానికి. పావుగంట ఇందాకటి బి ఫ్లాట్ కార్డ్, బారిటోన్ ఒక్కరే మొదలుపెట్టి, టెనర్, సొప్రానో, చివర ఆల్టో కలిసేలాగా. తర్వాత అడాజియోలో ఎనిమిది గీతలు మాత్రమే, బారిటోన్ ఒక్కరే వాయించాలి, మిగతా ముగ్గురూ కళ్లు మూసుకుని వినాలి. తర్వాత టెనర్ కలవాలి. ఆ ఇద్దరూ నిలబడేదాకా ఆల్టోని పిలవకండి. సొప్రానో అందరికంటే ఆఖర. మొదటి వారం ఎనిమిది గీతలే అయినా ఫరవాలేదు.

ఇప్పుడు ఆ అడాజియోనే వాయిస్తారు. మొదలుపెట్టే ముందు సొప్రానో ఆవిడ ఒక్కసారి బారిటోన్ ఆయన వైపు చూస్తారు. ఆ చూపు గమనించండి. రండి, మొదలుపెట్టండి.